ఇత్తడి ఫ్లోటు

"కాసేపు అట్టా పక్కన కూర్చోండి పిన్నిగారూ, బోణీ కానివ్వండి," అన్నాడు శ్రీనాథ్, నా మొహం వైపు చూడకుండానే.

చిలకలపూడిలో మా ఇంటి దగ్గర్నుంచి అతని షెడ్డు దాకా రాజదూత్ బండిని తోసుకుంటూ వచ్చాను. ఆషాఢమాసపు ఉక్కకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. షెడ్డులో ఇంకెవరూ లేరు. అతని చేతిలో పని కూడా లేదు. ఎవరో ఒక మగవాడో, బొట్టున్న ఆడదో వచ్చి ఏ ప్లగ్గో కొనుక్కుని డబ్బులిస్తేగాని నా బండి మీద చెయ్యి వెయ్యడు. మొగుడు పోయిన మనిషి డబ్బుతో బోణీ చేస్తే రోజంతా బేరాలుండవట. రెండో బేరంగా అయితే అదే డబ్బు పనికొస్తుంది. అప్పుడు కళ్ళకద్దుకుని మరీ తీసుకుంటాడు.

నేను కూర్చోలేదు. బండి పక్కనే నిలబడ్డాను. కూర్చుంటే ఒప్పుకున్నట్టుంటుందని.

ఆ బండి మా ఆయన వెంకటాద్రిది. మాది గిల్టు నగల పని. నేను గొలుసులు అతుకుతాను, గుండ్లు చేస్తాను. ఆయన తయారైన సరుకు పెట్టెలో సర్దుకుని, పెట్టె వెనక సీటుకి కట్టుకుని, ఊళ్ళల్లో ఫ్యాన్సీ కొట్లకి వేసొచ్చేవాడు. దాన్ని లైను అంటారు. లైను ఎవరి చేతిలో ఉంటే వ్యాపారం వాళ్ళది. అతికేవాళ్ళది కూలి.

బతికున్నన్నాళ్ళూ ఆ బండిని నన్ను ముట్టుకోనివ్వలేదు. గుడ్డ పెట్టి తుడవబోతే, "నువ్వు తుడిస్తే గీతలు పడతాయే," అనేవాడు. ఆదివారం పూట విప్పి, కడిగి, బిగించేవాడు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడితే, "నీకెందుకే ఇవన్నీ" అని గ్లాసు మాత్రం అందుకునేవాడు. ఒకరోజు గుండె ఆగి పోయాడు. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదని అందరూ చెప్పారు. నేను ఉంచుకున్నాను. కిక్కు ఎదురుతన్ని కాలి ఎముక మీద కొట్టిన ప్రతిసారీ ఆయన్నే తిట్టాను.

ఆయన పోయాక పెద్దలు కూర్చుని పంచారు. గుడివాడ, పెడన, బంటుమిల్లి వైపు కొట్లు మా మరిది నాగభూషణరావుకి. చల్లపల్లి, అవనిగడ్డ వైపు నాకు, "ఆవిడ తిరగగలిగినన్నాళ్ళు" అని. ఆ మాట అన్నప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎన్నాళ్ళు తిరుగుతుందిలే అన్న చూపు అది. ఆ చూపే నన్ను బండెక్కించింది. స్టేషను వెనక మైదానంలో నేర్చుకున్నాను. నా పక్కన కూర్చుని నగలకి పాలిష్ పట్టే ప్రేమమ్మ వెనక నుంచి తోసేది. తోసి వదిలేటప్పుడు, "ప్రభువా, దీన్ని నీ దగ్గరికే పంపిస్తన్నా, నువ్వే పట్టుకో!" అని అరిచేది. మోకాళ్ళు చెక్కుకుపోయినా చివరికి వచ్చింది.

రెండేళ్ళు తిరిగాను. ఈ వేసవి నుంచే బండి మొరాయించడం మొదలైంది. స్టార్టవుతుంది, ఊరు దాటుతుంది, చచ్చిపోతుంది. కింద పెట్రోలు కారుతుంది. శ్రీనాథ్ ప్రతిసారీ ప్లగ్గు మార్చేవాడు. "ఇంజను అయిపోయింది పిన్నిగారూ. పాత ఇనుం కింద ఇచ్చేయండి," అనేవాడు. ఇచ్చేస్తే నా లైను కూడా దానితోనే పోతుంది. శ్రావణం ముందు చల్లపల్లిలో గోవిందరాజులు గారి కొట్టుకి సరుకు వెయ్యాలి. ఆ వైపు పెద్ద కొట్టు ఆయనదే. శ్రావణం సరుకు ఎవరేస్తే ఆ ఏడాదంతా వాళ్ళదే లైను.

చివరికి ఎవరో సైకిలతను వచ్చి గ్రీజు కొనుక్కున్నాడు. బోణీ అయింది. శ్రీనాథ్ లేచాడు. అంతలో మా మరిది కూడా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు, చేతిలో టీ గ్లాసుతో.

"ఏంటి వదినా, మళ్ళీనా? ఆ బండికి అన్నయ్య మీద బెంగ పట్టుకుంది," అన్నాడు.

"నీకు లేని బెంగ దానికైనా ఉందిలే."

"నామీద విసుక్కుంటావేంటి? ఆ చల్లపల్లి వైపు నేను చూసుకుంటానంటన్నాగా. ఇంట్లో చల్లగా కూర్చుని అతుక్కో."

శ్రీనాథ్ కార్బరేటర్ విప్పాడు. ఇంజనుకి పెట్రోలు అందించే డబ్బా అది. లోపల్నుంచి ఒక ఇత్తడి డొల్ల బిళ్ళ తీశాడు. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఊపి, మా మరిది వైపు చూశాడు. మా మరిది టీ గ్లాసులోకి చూశాడు. శ్రీనాథ్ ఆ బిళ్ళని ఉన్నచోటే పెట్టేసి మూత బిగించాడు.

"ప్లగ్గు పోయింది పిన్నిగారూ," అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది.

ఎందుకో చెప్తాను. మా పనిలో రెండు ఇత్తడి డిప్పలు కలిపి అతికితే ఒక డొల్ల గుండు అవుతుంది. అతికిన మసి పోవడానికి యాసిడ్ నీళ్ళలో వేస్తాం. అతుకులో వెంట్రుకంత సందున్నా నీళ్ళు లోపలికి దూరతాయి. అలాంటి గుండుకి పూత పూసి అమ్మితే కొన్నావిడ మెడ మీద పచ్చటి చార దిగుతుంది. అందుకని యాసిడ్‌లోంచి తీసిన ప్రతి గుండునీ చెవి దగ్గర ఊపి చూస్తాం. లోపల కదిలితే చిల్లి ఉన్నట్టు. మా వీధిలో పలకా బలపం పట్టని పిల్లలకి కూడా ఇది తెలుసు. డొల్ల ఇత్తడిని చెవి దగ్గర ఊపినవాడు ఇంకెందుకోసమూ ఊపడు. శ్రీనాథ్‌కి తెలుసు. తెలిసే పెట్టేశాడు. మా మరిదికీ తెలుసు. వాడూ గుండ్లు ఊపుకుంటూ పెరిగినవాడే.

"ప్లగ్గు వద్దు. మూత బిగించావుగా, చాలు," అన్నాను.

"అట్టా తీసుకెళ్తే నడవదండీ."

"నీ దగ్గర పెట్టినా నడవట్లేదుగా."

"కోపం తెచ్చుకుని ఏం లాభం వదినా," అన్నాడు మరిది.

వాడి గ్లాసు లాగి మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. బండి తోసుకుంటూ ఇంటికొచ్చేశాను. దారి పొడుగునా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

వాకిట్లో వేపచెట్టు కింద పాత చీర పరిచి కార్బరేటర్ విప్పాను. గొలుసు కొక్కేలు పరుచుకున్నట్టే, తీసినవి తీసిన వరసలో పెట్టాను. మళ్ళీ అదే వరసలో వెనక్కి పెట్టాలి కదా. ప్రేమమ్మ గోడ మీద నుంచి తొంగి చూసింది.

"ఏందే సుబ్బులూ, బండిని కూడా గుండ్ల లెక్క చేస్తన్నావా?"

"మాట్లాడకు. నాకు తిక్కగా ఉంది."

"అది రోజూ ఉండేదేగా."

చూస్తే పని పెద్ద కష్టమేమీ కాదు. ట్యాంకులోంచి పెట్రోలు ఒక చిన్న గిన్నెలోకి దిగుతుంది. ఇత్తడి బిళ్ళ ఆ పెట్రోలు మీద తేలుతుంది. దాన్నే ఫ్లోటు అంటారు. గిన్నె నిండేసరికి ఫ్లోటు పైకి లేచి, పెట్రోలు వచ్చే దారి మూసేస్తుంది. ఫ్లోటుకి చిల్లి పడి లోపలికి పెట్రోలు దూరితే అది బరువెక్కి మునిగిపోతుంది. దారి మూసేవాడే ఉండడు. పెట్రోలు పొంగి పొర్లి ఇంజను ముక్కులోకి పోతుంది. ఇంతే సంగతి. ఈ సంగతి దాచిపెట్టడానికి ఇద్దరు మగవాళ్ళు కావలసొచ్చారు.

చెవి దగ్గర ఊపాను. లోపల కదిలింది.

కానీ ముందు తప్పు చేశాను. కార్బరేటర్ డబ్బా మసి పట్టి, జిడ్డు కారుతూ ఉంది. మాకు చేతికి అలవాటైన పని, మసి కనపడితే యాసిడ్. పక్కనే తొట్టి ఉంది. డబ్బాని అందులో పడేశాను. ఇత్తడి అయితే నిమిషంలో పసుపు వన్నె తేలి బయటికొస్తుంది. ఇది ఇత్తడి కాదు. బుసబుసమని నురగ పొంగింది, ముక్కు పగిలే వాసన. పటకారుతో లాగి నీళ్ళలో ముంచేలోపే దాని లోపలి గోడ గరుకుతేలింది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఆ గోడ వెంట ఒక ముక్క పైకీ కిందికీ ఆడుతుంది. ఇప్పుడు పెట్టి చూస్తే మధ్యలో పట్టేస్తోంది.

"అయ్యో అయ్యో, ఉన్నది కూడా తినేసిందే!" అని ప్రేమమ్మ గోడ దిగి వచ్చింది.

నేను పటకారు విసిరికొట్టాను. అది వెళ్ళి కోళ్ళగంప మీద పడింది. "ఒక్క ఆదివారం, ఒక్కటంటే ఒక్క ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని, ఇది ఇత్తడి కాదే అని చెప్పుంటే ఏం పోయేది ఆ మనిషికి? కాఫీలు మాత్రం అందించాలి!"

"లేని మనిషిని ఎందుకే తిట్టడం."

"ఉన్నప్పుడు తిట్టనిచ్చాడా?"

ప్రేమమ్మ నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. అది వెళ్ళి గంప కింద పటకారు వెతికి తెచ్చింది. తన దగ్గరున్న ఎర్ర పాలిష్ ముద్ద కూడా తెచ్చింది. పుల్లకి గుడ్డ చుట్టి, ముద్ద రాసి, ఆ గోడని తను రుద్దసాగింది. నేను ఫ్లోటు సంగతి చూశాను.

పొయ్యి మీద నీళ్ళు మరిగించి, గిన్నె మంటకి దూరంగా వాకిట్లోకి తెచ్చుకుని, ఫ్లోటుని అందులో ముంచి పట్టుకున్నాను. అంచు దగ్గర నుంచి బుడగలు లేచాయి. అక్కడ సూదితో గీత పెట్టాను. లోపలి పెట్రోలంతా వేడికి ఆవిరై పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి ముంచాను. అది పోకుండా నిప్పు చూపిస్తే మొహం పేలిపోతుంది. ఊపితే నిశ్శబ్దంగా ఉన్నాక, రాగి కడ్డీ కాల్చి సీసం మాటు పెట్టాను. మొదటిసారి ముద్ద ఎక్కువ పడింది. చేతిలోకి తీసుకుంటేనే తెలిసింది, ఇది తేలదని. ఆకురాయితో అరగదీశాను. చిల్లి మూసుకోవాలి, బరువు పెరగకూడదు. గుండ్లకైనా అంతే. ఈ చెయ్యి ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది అదే.

అన్నీ బిగించి పెట్రోలు వదిలాను. కింద రాలలేదు. పళ్ళెం పెట్టి కూర్చుని చూశాను. చుక్క లేదు. కిక్కు కొట్టాను. మామూలుగా ఎదురుతన్నింది. మళ్ళీ కొట్టాను. పొగ కక్కుతూ లేచింది. కోళ్ళు చెదిరిపోయాయి.

సాయంత్రం మా మరిది వచ్చాడు. చప్పుడు విని ఉంటాడు.

"గోవిందరాజులు గారు ఎస్టీడీ బూతుకి ఫోన్ చేశారు వదినా. రేపు శ్రావణం సరుకు చూస్తారంట. పెట్టె ఇటివ్వు, నేను బస్సులో వెళ్ళొస్తా."

"నేను వెళ్తాను."

"బండి దార్లో ఆగితే?"

"ఎందుకాగుతుంది? నువ్వు చెప్పు, ఎందుకాగాలి?"

వాడు చెప్పులో రాయేదో చూసుకుంటున్నట్టు వంగాడు. "ఊరికే అన్నాలే," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పెట్టె కట్టుకుని బయల్దేరాను. కాలవలకి నీళ్ళు వదిలారు. నారుమళ్ళలో అప్పుడప్పుడే మనుషులు దిగుతున్నారు. లంకపల్లి దగ్గరికొచ్చేదాకా బాగానే ఉంది. ఎదురుగా గేదెలొస్తే యాక్సిలరేటర్ వదిలాను. ఇంజను తగ్గలేదు. అరుస్తూ ముందుకే లాగింది. యాసిడ్ తిన్న గోడ దగ్గర ముక్క పట్టేసింది. క్లచ్చి పట్టి తాళం తిప్పేసి, కాలవ గట్టు మట్టిలోకి దింపాను. ఇంకో మూరెడు జరిగుంటే పెట్టెతో సహా నీళ్ళలో ఉండేదాన్ని.

చుట్టూ జనం పోగయ్యారు. గడ్డిమోపు ఎత్తుకున్న పెద్దమనిషి ఒకాయన, "ఏంటమ్మాయ్, ఇంట్లో మగాళ్ళెవరూ లేరా?" అన్నాడు.

"ఒకడున్నాడు బాబాయ్. అందుకే బండికి ఈ గతి."

"చల్లపల్లి దాకా ట్రాక్టరెక్కించమంటావా? మెకానిక్కున్నాడు."

"మెకానిక్కుల్ని చూసే బయల్దేరాను. కాస్త వెలుతురు వదలండి, అడ్డు నిలబడకుండా."

కొంగు దోపుకుని కింద కూర్చున్నాను. కార్బరేటర్ మూత విప్పి ముక్క బయటికి తీశాను. గోడ మీద ప్రేమమ్మ రుద్దినంత మేరా నున్నగా ఉంది. అడుగున వేలెడు జాగా అందక మిగిలిపోయింది. కొట్లల్లో శాంపిళ్ళకి మెరుపు పెట్టడానికి పెట్టెలో పాలిష్ గుడ్డ ఉంటుంది. దాన్ని వేలికి చుట్టుకుని రుద్దాను. ముక్క పెట్టి వదిలాను. పట్టింది. మళ్ళీ రుద్దాను. చూసేవాళ్ళు ఒక్కొక్కళ్ళే విసుగొచ్చి పోయారు. నాకు విసుగొచ్చే వీలు లేదు. చివరికి ముక్క దాని బరువుకి అదే టక్కున కిందికి జారింది. పట్టుకుని ఇంకా చాలాసార్లు జార్చి చూశాను. నమ్మకం కుదిరాకే బిగించాను.

చల్లపల్లిలో గోవిందరాజులు గారి కొట్లోకి వెళ్ళేసరికి ఫ్యాను కింద మా మరిది కూర్చుని ఉన్నాడు. బస్సు నన్ను దాటిపోయి ఉంటుంది.

"అదిగో మా వదిన! ఆ చేతులేంటి వదినా, తారు ముట్టుకున్నావా?"

"నువ్వు చేసిన పనికి నాకు చేతులు కడుక్కునే తీరిక దొరకలేదు."

గోవిందరాజులు గారు మంచి మనిషి అంటారు. గట్టిగా మాట్లాడరు. కళ్ళజోడు తుడుచుకుంటూ, "చూడమ్మా సుబ్బులమ్మా, నాకు నీమీద ఏం లేదు. కాకపోతే శ్రావణం సరుకు. సూత్రాల గొలుసులు, నల్లపూసలు. కొనేది ముత్తయిదువలు. మీ మరిది అంటున్నదేంటంటే..." అని ఆగారు.

"ఏమంటున్నాడు? చెప్పమనండి, ఇక్కడే ఉన్నాడుగా."

"నేనేం తప్పన్లేదు వదినా. లోకం అట్టా ఉంది. నీ చేత్తో ఇస్తే ఎవరు పుచ్చుకుంటారు?"

బండి ఆపలేకపోయాడు కాబట్టి ఇప్పుడు నా నుదురు అడ్డం పెట్టాడు.

"గోవిందరాజులు గారూ," అన్నాను, "ఆ పైన వేలాడుతున్న నల్లపూసల గొలుసులు అతికిందెవరు? రెండేళ్ళ నుంచి మీరమ్మిన ప్రతి గొలుసూ నా చేతి కింద నుంచే వచ్చింది. మా వీధిలో కూర్చుని అతికేవాళ్ళలో సగం మంది నాలాంటి వాళ్ళే. ఏ ముత్తయిదువ మెడలో ఏం తేడా వచ్చింది? అతకడానికి పనికొచ్చిన చెయ్యి అమ్మడానికి ఎందుకు పనికిరాదు?"

కొట్లో ఒకావిడ నల్లపూసలు చేతిలో పెట్టుకుని చూస్తోంది. నా మాటలు విన్నది. గొలుసుని మెల్లగా గాజు మీద పెట్టేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

గోవిందరాజులు గారు ఆవిడ వెళ్ళిన గుమ్మం వైపే చూస్తూ, "చూశావా అమ్మా. ఇదీ సంగతి," అన్నారు. తర్వాత గొంతు ఇంకా తగ్గించి, "సరే, నీకూ అన్యాయం చెయ్యను. సరుకు నువ్వే వెయ్యి. వెనక గుమ్మం నుంచి గోడౌన్‌లో దించి వెళ్ళిపో. కొట్లో మాటామంతీ మీ మరిది చూసుకుంటాడు. అందరికీ బాగుంటుంది," అన్నారు.

మా మరిది వెంటనే తలూపాడు. "పెద్దాయన సరిగ్గా చెప్పారు వదినా. బండి నువ్వు నడుపు. నాకేం అభ్యంతరం లేదు."

ఇప్పుడు బండి నడపడానికి వాడి అనుమతి. దాన్ని చంపాలని చూసినవాడి అనుమతి.

"ఫ్లోటుకి చిల్లి ఉందని నీకు తెలుసు," అన్నాను. "శ్రీనాథ్ చెవి దగ్గర ఊపాడు. నువ్వు చూశావు. చూసి టీ తాగావు. నేను ఎక్కడో రోడ్డు మీద ఆగిపోవాలని కోరుకున్నావు. ఇవాళ కాలవలో పడబోయాను. పడుంటే పెట్టె కోసం దిగేవాడివా, నా కోసం దిగేవాడివా?"

గోవిందరాజులు గారు, "ఇంటి గొడవలు కొట్లో ఎందుకమ్మా," అన్నారు.

"మీరు వెనక గుమ్మం చూపించారు కాబట్టి చెప్తున్నా. నా పెట్టె ముందు గుమ్మంలోంచే వస్తుంది. లేకపోతే రాదు."

"అట్టాగైతే ఎట్టాగమ్మా? ఈ వైపు నేను కాక ఇంకెవరు తీసుకుంటారు అంత సరుకు?"

నిజమే. దివిసీమ ఊళ్ళల్లో చిన్న కొట్లన్నీ ఆయన దగ్గరే కొనుక్కెళ్ళేవి. మా ఆయన అవనిగడ్డ దాటి లోపలి ఊళ్ళకి ఎప్పుడూ పోలేదు. ఆ మట్టి రోడ్ల మీద బండి పాడవుతుందని. పాడైతే దాన్ని తోసుకుంటూ ఎవడొస్తాడని.

నేను పెట్టె మూసేశాను.

"వదినా, పిచ్చిపని చెయ్యకు. ఎక్కడికి?"

"లోపలికి."

"ఆ రోడ్ల మీద అది నాలుగు మైళ్ళు నడవదు!"

"ఆగిన చోట కూర్చుని బాగుచేసుకుంటా. నీ బస్సుకి లేటవుతోంది, వెళ్ళు."

పెట్టె కట్టాను. కిక్కు ఎదురుతన్ని పాత దెబ్బ మీదే కొట్టింది. బూతొకటి నోట్లోంచి వచ్చేసింది. గోవిందరాజులు గారు కొట్లోకి తిరిగిపోయారు. రెండో దెబ్బకి బండి లేచింది.

అవనిగడ్డ దాటి మట్టి రోడ్డెక్కాక ఒకసారి ఆగింది. ముక్క మళ్ళీ పట్టింది. తుమ్మచెట్టు కింద కూర్చుని విప్పి, రుద్ది, బిగించాను. తర్వాత ఊళ్ళో ఒక గాజుల కొట్టు కనపడింది. కొట్టావిడ నా నుదురు చూసింది, చేతులు చూసింది, ఆ తర్వాత పెట్టెలోకి చూసింది. నల్లపూసల గొలుసు ఒకటి తీసి, అతుకు దగ్గర గోరు పెట్టి లాగింది. ఊడలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది.

"నీళ్ళు తగిలితే రంగు పోతుందా?" అంది.

"పోదు. ముందు చేతులు కడుక్కోనియ్యండి. ఇట్టా నల్లటి చేత్తో సరుకు ముట్టుకోను."

చెంబు ఇచ్చింది. కడుక్కుంటుంటే అడిగింది, "పెద్ద కొట్టాయన పంపించాడా?"

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చాను."

"మళ్ళీ వస్తావా, లేక వేసేసి పోతావా? అతుకులూడితే ఎవర్ని అడగను?"

"నన్నే అడగండి. ప్రతి నెలా వస్తాను."

"ఆ బండి మీదేనా?" అంది అనుమానంగా, పొగలు కక్కుతున్న సైలెన్సరు వైపు చూస్తూ.

"దాని మీదే," అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. ఆవిడ ఉలిక్కిపడింది. ఆవిడ మీద కోపం కాదని చెప్పాలనుకున్నాను కానీ చెప్పలేదు. మొదటి అరలోంచి సూత్రాల గొలుసులు తీసి ఆవిడ ముందు పరిచాను.